బెలూన్ల పండక్కి ఏ లెన్సు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సంక్రాంతి దగ్గర పడేసరికి పాఠకుల ఉత్తరాల్లో వేడిగాలి బెలూన్ల గోల మొదలైంది. పొల్లాచ్చిలో 2015లో మొదలైన తమిళనాడు అంతర్జాతీయ బెలూన్ ఉత్సవం 2025 జనవరిలో చెన్నై గడప దాకా, ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీది తిరువిడందైకి వచ్చింది. అప్పట్నుంచీ చెన్నై, బెంగళూరు పాఠకులు లెన్సుల గురించి అడుగుతూనే ఉన్నారు. వాటిలో నలుగురికీ పనికొచ్చేవి ఏరి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: నా దగ్గర కెనాన్ 200డీ, దాంతో వచ్చిన 18-55 ఉన్నాయి. ఇంకో లెన్సు కొనాలి. 10-18 వైడా, 55-250 జూమా? యూట్యూబ్‌లో అమెరికా వాళ్లంతా బెలూన్లకు వైడే కావాలంటున్నారు.
— పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: 55-250 తీసుకోండి. (ఈ అంకెలు లెన్సు ఫోకల్ పొడవు, ఎంఎంలలో. చిన్నదైతే ఎక్కువ మేర పడుతుంది, అదే వైడ్; పెద్దదైతే దూరపుది దగ్గరికి వస్తుంది.) అమెరికా వాళ్లు చెప్పేది వాళ్ల మైదానానికి సరిపోయే మాట. అక్కడి ఆల్బుకర్కీ నగరంలో 1972లో 13 బెలూన్లతో మొదలైన ఉత్సవంలో ఇప్పుడు ఐదు వందలకు పైగా ఎగురుతాయి. టికెట్ కొన్నవాళ్లు గాలి నింపుతున్న బెలూన్ల మధ్యకే నడిచి వెళ్లొచ్చు. పదడుగుల దూరంలో అంత గుడ్డ పైకి లేస్తుంటే వైడ్ లేకుండా ఏదీ పట్టదు. మన దగ్గర బెలూన్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే, జనం బారికేడ్ ఇవతలే. కాబట్టి లెన్సు సంగతి తేల్చాల్సింది ఆ బారికేడ్ దూరమే.

లెక్క సులువు. సెన్సార్ కొలతను లెన్సు ఎంఎంతో భాగించి, దూరంతో గుణిస్తే ఫ్రేమ్‌లో ఎన్ని మీటర్లు పడతాయో వస్తుంది. మీ 200డీ సెన్సార్ 22.3 ఎంఎం పొడవు, 14.9 ఎంఎం ఎత్తు. ముగ్గురు నలుగురిని మోసే మామూలు బెలూన్‌లో సుమారు 2,200 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. బుట్టతో కలిపి ఎత్తు ఇరవై మీటర్ల పైచిలుకు, అంటే ఏడంతస్తుల మేడంత. అది మీకు 60 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 10 ఎంఎంతో అడ్డంగా తీస్తే ఫ్రేమ్ ఎత్తులో దాదాపు 90 మీటర్లు పడతాయి, బెలూన్ అందులో పావు వంతు. మిగతాదంతా ఆకాశం, ముందువాళ్ల తలకాయలు, పైకెత్తిన ఫోన్లు. అదే 55 ఎంఎంతో కెమెరాని నిలువుగా పట్టుకుంటే 24 మీటర్లు పడతాయి, బెలూన్ నిండుగా సరిపోతుంది. అంటే నేల మీద ఉన్నంతసేపూ మీ పాత 18-55 చాలు.

అర కిలోమీటరు ఎగిరి వెళ్లిందా, 55 ఎంఎంలో అది ఫ్రేమ్ ఎత్తులో ఆరో వంతుకు చిక్కిపోతుంది. 250 దగ్గర ఫ్రేమ్ ఎత్తు 30 మీటర్లు, బెలూన్ ముప్పాతిక నిండుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఉన్న ఏడెనిమిది బెలూన్లూ మైదానంలో దూరదూరంగా ఉంటాయి. దగ్గర నుంచి వైడ్‌తో తీస్తే ముందుది పెద్దగా, వెనకవి చుక్కల్లా వస్తాయి. రెండు మూడు వందల మీటర్లు వెనక్కి వెళ్లి 200, 250తో తీస్తే అన్నీ ఒకదాని వెనక ఒకటి ఒరుసుకుని నిలబడ్డట్టు కనిపిస్తాయి. తక్కువ బెలూన్లతో పండగ నిండుగా కనబడాలంటే ఇదొక్కటే దారి.

సెకండ్ హ్యాండ్‌లో ఈ లెన్సు ఎక్కువగా రెండు రకాలుగా దొరుకుతుంది: పాత ఐఎస్ (మొదటిది, ఐఎస్-2), తర్వాతి ఎస్‌టీఎం. కాస్త ఎక్కువైనా ఎస్‌టీఎం తీసుకోండి. ఫోకస్ చప్పుడు చెయ్యదు, వీడియోకి హాయి. పాతదాంట్లో ఫోకస్ అయినప్పుడల్లా ముందు గాజు తిరుగుతుంది, పోలరైజర్ (ఆకాశం నీలాన్ని ముదురు చేసే ఫిల్టర్) పెడితే ప్రతిసారీ మళ్లీ తిప్పుకోవాలి. రెండిటికీ ఫిల్టర్ సైజు 58 ఎంఎమ్మే. ఏదైనా సరే 250 దగ్గర అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిస్తే బొమ్మ కొంచెం మెత్తబడుతుంది. వెలుతురున్నప్పుడు ఎఫ్ 8 పెట్టండి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది).

ప్రశ్న: అద్దెకు తెచ్చిన 10-20తో తీస్తే గుండ్రటి బెలూన్ కోడిగుడ్డులా సాగింది. లెన్సు చెడిపోయిందా? ఫొటోలు దిద్దే లైట్‌రూమ్‌ సాఫ్ట్‌వేర్‌లో లెన్సు ప్రొఫైల్ పెట్టినా పోలేదు.
— పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: లెన్సు బాగానే ఉందండి. గీతల్ని గీతలుగా నిలబెట్టే ప్రతి వైడ్ లెన్సూ అంచుల్లో ఉన్న వస్తువుల్ని బయటికి లాగుతుంది. 1.5 క్రాప్ కెమెరాలో (దీని సెన్సార్ ఫుల్ ఫ్రేమ్ కన్నా ఒకటిన్నర రెట్లు చిన్నది) 10 ఎంఎం దగ్గర, ఫ్రేమ్ పక్క అంచున ఉన్న గుండ్రటి వస్తువు ఒకటిన్నర రెట్లు సాగుతుంది. 18 దగ్గర ఆ సాగుడు ఐదో వంతుకు, 24 దగ్గర పదో వంతుకు తగ్గుతుంది. మేడలూ చెట్లూ ఇలా సాగినా ఎవరూ పట్టించుకోరు, గుండ్రటిది సాగితే మాత్రం చంటిపిల్లాడికీ తెలిసిపోతుంది. ప్రొఫైల్ సరిచేసేది గీతల వంపుని. ఇది వంపు కాదు కనక అది ముట్టుకోదు.

చెయ్యాల్సింది ఏమిటంటే, వైడ్ పెట్టినప్పుడు బెలూన్‌ని ఫ్రేమ్ నడిమి మూడో వంతులోనే ఉంచండి, అంచుల్ని నేలకూ జనానికీ వదిలెయ్యండి. రెండు బెలూన్లు చెరో పక్కన కావాలంటే వెనక్కి నడిచి 24 మీద తియ్యండి.

10-20కి నిజంగా పని ఉండేది ఒక్కచోటే: బెలూన్ నేల మీద పడుకుని, ఫ్యాన్‌తో చల్లగాలి నింపుతున్నప్పుడు దాని నోట్లోంచి లోపలికి తీసే ఫొటో. రంగురంగుల గుడ్డ గుహలా తెరుచుకుంటుంది, కుట్లన్నీ దూరాన ఒకచోట కలుస్తాయి. దానికి సిబ్బంది అనుమతి తప్పనిసరి. గుడ్డ మీద కాలు పెట్టకూడదు, తాళ్ల మధ్య నిలబడకూడదు, ఫ్యాన్ దరిదాపుల్లో కెమెరా పట్టీ వేలాడకూడదు. బర్నర్ వెలిగించబోతున్నామని చెప్పగానే బయటికొచ్చెయ్యాలి. అనుమతి దొరకదనుకుంటే ఆ లెన్సుకి అద్దె దండగ.

ప్రశ్న: రాత్రి బెలూన్లు దీపాల్లా వెలిగే నైట్ గ్లో కోసం 50 ఎంఎం ఎఫ్ 1.8 కొందామనుకుంటున్నాను. కెమెరాతో వచ్చిన కిట్ లెన్సుతో అసలు రాదంటున్నారు, నిజమేనా? కెమెరా సోనీ ఏ6400. సెట్టింగులు కూడా చెప్పండి.
— పాఠకుడు, టి.నగర్

జవాబు: రాదన్నవాళ్లు పూర్తిగా చీకటి పడ్డాక తీసి ఉంటారు. గ్లో అంటే బెలూన్లని నేల మీదే కట్టేసి బర్నర్ మండించడం. వెలుగుతున్న బెలూన్ తనే పెద్ద దీపం కాబట్టి, కిట్ లెన్సు ఎఫ్ 3.5కీ చాలినంత వెలుతురు ఉంటుంది. చాలనిది ఆకాశానికి. జనవరి నడుమ చెన్నైలో సూర్యాస్తమయం దాదాపు 6 గంటలకు. మన అక్షాంశంలో సూర్యుడు నిట్టనిలువుగా దిగిపోతాడు, అస్తమయం తర్వాత ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాల్లో ఆకాశంలోని నీలం కూడా దాదాపు అయిపోతుంది. యూరప్ వాళ్లు రాసినట్టు గంటసేపు నీలి ఆకాశం మనకి ఉండదు. 6.10 నుంచి 6.25 దాకా మీ అసలు పని. తర్వాత వేదిక మీద ఉపన్యాసాలు అయ్యి, 7 గంటలకు గ్లో మొదలైతే వెనకాల నల్లటి పరదా తప్ప ఏమీ రాదు. అప్పుడు ఎఫ్ 1.4 లెన్సు ఉన్నా అంతే.

ఇక 50 సంగతి. మీ కెమెరాలో 60 మీటర్ల దూరం నుంచి 50 ఎంఎం నిలువుగా 28 మీటర్లు చూపిస్తుంది, ఒక్క బెలూన్ పడుతుంది. వరసగా నాలుగు వెలుగుతుంటే ఆ ఫొటోకి 18 నుంచి 24 మధ్య కావాలి, అది మీ కిట్‌లోనే ఉంది. 50ని కొనాలనుకుంటే మంట వెలుగు పడిన మొహాల కోసం కొనండి. బారికేడ్ దగ్గర పిల్లల్ని పక్క నుంచి తీస్తే దాని విలువ తెలుస్తుంది. రెండు పనులూ ఒక్కదాంతో కావాలంటే టామ్రాన్ 17-70 ఎఫ్ 2.8 లాంటిది అద్దెకు తీసుకోవడం మేలు.

సెట్టింగులన్నీ మాన్యువల్‌లో పెట్టండి. బర్నర్ వెలిగిన క్షణానికీ ఆరిన క్షణానికీ వెలుతురు చాలా మారిపోతుంది, ఆటోలో కెమెరా ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది. అస్తమయం అయిన పది నిమిషాలకు ఎఫ్ 4, షట్టర్ 1/60 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సార్ సున్నితత్వం) 400 దగ్గర మొదలుపెట్టండి. ఇరవై నిమిషాలకు ఎఫ్ 2.8 ఉంటే 1/60, ఐఎస్ఓ 800. లెన్సు ఎఫ్ 5.6 మించి తెరుచుకోకపోతే అదే వెలుతురుకి ఐఎస్ఓ 3200. షట్టర్ ఇంకా తగ్గించి ఐఎస్ఓ మిగుల్చుకుందామనుకోకండి. కట్టేసిన బెలూన్ కూడా గాలికి ఊగుతూనే ఉంటుంది. ట్రైపాడ్ మీద అర సెకను ఇస్తే నేలా మనుషులూ నిలకడగా, బెలూన్ మాత్రం అలికినట్టు వస్తుంది. లెన్సులోని స్టెబిలైజర్ మీ చేతి వణుకుని ఆపుతుంది, బెలూన్ ఊగుడుని కాదు.

మంటల్లో రెండు రకాలున్నాయి. పైకెగరడానికి వాడే ముఖ్య బర్నర్ మంట నీలంగా, పెద్ద హోరుతో వస్తుంది. ద్రవ ప్రొపేన్ గ్యాస్‌ని నేరుగా మండించేది పసుపుగా, చప్పుడు తక్కువగా ఉంటుంది, గుడ్డంతా నిండుగా వెలిగేది దీంతోనే. పసుపు మంట మొదలైందంటే వరసగా నొక్కండి. అన్ని బెలూన్లూ ఒకేసారి వెలగడం అరుదు, వెలిగినా రెండు మూడు సెకన్లే. సెకనుకి ఐదారు ఫొటోల వేగం పెట్టుకుంటే వాటిలో ఒకటి దక్కుతుంది. మంట తెల్లగా కాలిపోయినా ఫర్వాలేదు, గుడ్డ రంగులు కాలిపోకుండా చూసుకోండి.

ఫోకస్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఒకే రంగు సాదా గుడ్డ మీద ఆటో ఫోకస్ పెడితే లెన్సు ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. బుట్ట అంచు మీదో, బర్నర్ ఫ్రేమ్ గొట్టం మీదో, గుడ్డ మీది కుట్టు మీదో పెట్టండి. మంట వెలిగినప్పుడు ఒకసారి పట్టించి మాన్యువల్‌కి మార్చెయ్యండి. తర్వాత జూమ్ తిప్పితే మాత్రం మళ్లీ పట్టించాలి, మామూలు జూమ్‌లలో ఎంఎం మారితే ఫోకస్ కూడా జరుగుతుంది.

రాత్రికి యూవీ ఫిల్టర్ తీసెయ్యండి. అది ఉంటే ప్రతి మంటకీ అద్దంలో పడినట్టు తలకిందుల ఆకుపచ్చ చుక్క ఇంకోటి ఆకాశంలో తేలుతుంది, నాలుగు మంటలకి నాలుగు. వేదిక ఎల్‌ఈడీ దీపాలు ఫ్రేమ్‌లో ఉంటే సైలెంట్ షట్టర్ కూడా ఆపండి, లేకపోతే అడ్డచారలు వస్తాయి.

ప్రశ్న: నికాన్ డీ90 ఉంది, పాతదైనా బాగానే పనిచేస్తోంది. ఆన్‌లైన్‌లో ఏఎఫ్-పీ 70-300 చౌకగా కనిపించింది. తీసుకోనా?
— పాఠకుడు, పెరంబూరు

జవాబు: వద్దండి! ఏఎఫ్-పీ లెన్సుల్లోని మోటారుని డీ90 నడపలేదు. సరే, చేత్తో తిప్పుకుందాం అనుకున్నా కుదరదు. వాటిలో ఫోకస్ రింగు కూడా కరెంటు మీదే పనిచేస్తుంది, రింగు తిరుగుతుంది గానీ లోపల ఏమీ కదలదు. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నవి చూడండి: 55-300 డీఎక్స్ గానీ, 70-300 ఎఫ్ 4.5-5.6 వీఆర్ గానీ. రెండోది బరువు, కానీ ఫోకస్ వేగం ఎక్కువ. మీ డీ90లో నికాన్ చిన్న కెమెరాలు చాలావాటిలో లేని వసతి ఒకటి ఉంది, బాడీలోనే ఫోకస్ మోటారు. పాత ఏఎఫ్-డీ లెన్సులు కూడా దాని మీద ఫోకస్ అవుతాయి, సెకండ్ హ్యాండ్‌లో అవి ఇప్పుడు ఎవరికీ అక్కర్లేనట్టు చౌకగా వస్తున్నాయి. 80-200 ఎఫ్ 2.8 డీ కనబడితే సాయంత్రపు బెలూన్లకి అంతకంటే ఏం కావాలి? అందులో స్టెబిలైజర్ లేదు కాబట్టి 200 దగ్గర షట్టర్ 1/320కి తగ్గనివ్వకండి.

ప్రశ్న: ఆకాశం ముదురు నీలంగా రావడానికి పోలరైజర్ వాడమంటారా?
— పాఠకురాలు, అన్నానగర్

జవాబు: మీరు ఎటు తిరిగి నిలబడతారో చూసి చెప్పాలి. పోలరైజర్ ఎక్కువగా పనిచేసేది సూర్యుడికి తొంభై డిగ్రీల దిక్కులో. తిరువిడందైలో సముద్రం తూర్పున. సాయంత్రం సూర్యుడిని వీపుకి పెట్టుకుని సముద్రం వైపు తీస్తే అది చేసేది దాదాపు సున్నా, పైగా ఒకటి నుంచి రెండు స్టాపుల (స్టాపుకి సగం చొప్పున) వెలుతురు మింగుతుంది. ఉత్తరం, దక్షిణం వైపు తిరిగితే పనిచేస్తుంది. అదీ 35 ఎంఎం పైనే. 18 కన్నా వైడ్‌లో పెడితే ఆకాశం ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా చీలిపోతుంది.

అన్నట్టు, సాయంత్రం సూర్యుడికి ఎదురుగా తీయడానికి మొహమాటపడకండి. బెలూన్ గుడ్డ పల్చటి నైలాన్, వెనక నుంచి ఎండ పడితే లోపల దీపం పెట్టినట్టు రంగులు లేస్తాయి. ఎక్స్‌పోజర్ ప్లస్ 1 దాకా పెంచండి, లెన్సు హుడ్ మరచిపోకండి.

ప్రశ్న: ఏసీ కారులోంచి దిగి తీస్తే మొదటి పావుగంట అన్నీ పొగమంచులా వచ్చాయి. ఫొటోల్లో నల్లచుక్కలు కూడా ఉన్నాయి. కెమెరా సర్వీసుకి ఇవ్వాలా?
— పాఠకుడు, తిరువాన్మియూరు

జవాబు: ఇవి రెండు వేరువేరు జబ్బులు. మొదటిది ఆవిరి. చల్లబడ్డ గాజు మీద సముద్రపు తేమ గాలి తగలగానే నీళ్లు కడుతుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ కడుతుంది, గాజు బయటి వేడికి వచ్చేదాకా ఇంతే. చేరడానికి అరగంట ముందే కారులో ఏసీ ఆపి, కెమెరా సంచీని జిప్పు వెయ్యకుండానే డిక్కీలో పెట్టండి. పొద్దున్నే వెళ్లేవాళ్లు రాత్రి కెమెరాని ఏసీ గదిలో ఉంచకపోతే సరిపోతుంది.

రెండోది సెన్సార్ మీది దుమ్ము. బెలూన్ ఫ్యాన్లు మైదానంలోని మట్టినీ గడ్డి నలుసుల్నీ ఎలా లేపుతాయో మీరు చూసే ఉంటారు. ఆ గాలిలో లెన్సు మారిస్తే దుమ్ముని చేత్తో లోపల వేసినట్టే. మామూలు ఫొటోల్లో కనబడని చుక్కలు బెలూన్ ఫొటోల్లో ఎందుకు కొట్టొచ్చినట్టు కనబడతాయంటే, ఫ్రేమ్‌లో ముప్పాతిక భాగం సాదా ఆకాశం కాబట్టి. ఎఫ్ 11, ఎఫ్ 16 పెడితే ఇంకా స్పష్టంగా తేలతాయి. సర్వీసుకి ఇచ్చే ముందు తెల్లగోడని ఎఫ్ 16లో ఫోకస్ తప్పించి ఒక ఫొటో తీసి చూడండి. రబ్బరు బ్లోయర్‌తో ఊది మళ్లీ తియ్యండి, చాలావరకు అక్కడే పోతాయి. నోటితో ఊదకండి, తుంపర పడితే అప్పుడు నిజంగానే సర్వీసు ఖర్చు. లెన్సు మార్చక తప్పదనుకునే రోజుకి 18-135 లాంటి ఒక్క లెన్సుతో సరిపెట్టుకోవడం తెలివైన పని. అంచుల్లో పదును కాస్త తగ్గినా చుక్కల బెడద ఉండదు.

ఇంటికొచ్చాక ముందు గాజుని ఊదాకే తుడవండి, ఉప్పు రవ్వలు గీతలు పెడతాయి. తోలు కవరులో పెట్టి బీరువాలో పడేస్తే మన ఊరి తేమకి నాలుగు నెలల్లో బూజు ఖాయం. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, లోపల తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టి తేమ 40-50 శాతం మధ్య ఉంచండి.

ప్రశ్న: నా దగ్గర ఫోనే ఉంది. వెళ్లడం దండగా?
— పాఠకురాలు, వడపళని

జవాబు: ఎందుకు దండగ? ముఖ్య కెమెరా, 3ఎక్స్ లేదా 5ఎక్స్ అసలు లెన్సు, ఈ రెండే వాడండి. మధ్యలోవి, వాటిని మించినవి కత్తిరించి పెద్దది చేసినవే. గ్లో అప్పుడు నైట్ మోడ్ ఆపండి, అది ఎన్నో ఫొటోలని కలుపుతుంది, ఆ లోపు మంట వెలిగి ఆరిపోతుంది. తెర మీద వెలుగుతున్న గుడ్డ దగ్గర వేలు నొక్కిపట్టి ఫోకస్ బిగించి, సూర్యుడి బొమ్మని కిందికి లాగి వెలుతురు తగ్గించండి.

ప్రశ్న: డ్రోన్ తీసుకెళ్లొచ్చా?
— పాఠకుడు, హెబ్బాళ, బెంగళూరు

జవాబు: వద్దు. మనుషులున్న బెలూన్ పక్కకి తప్పుకోలేదు, మీ డ్రోన్ రెక్కలు దాని గుడ్డకి తగిలితే జరిగేది ఫొటోకి సంబంధించిన విషయం కాదు.

ప్రశ్న: పొల్లాచ్చి వెళ్తున్నాం. బెంగళూరులోనే 150-600 అద్దెకు తీసుకుందామా? తీసుకునేటప్పుడు ఏం చూడాలి?
— పాఠకుడు, విజయనగర్, బెంగళూరు

జవాబు: 600 ఎంఎం క్రాప్ కెమెరాలో కిలోమీటరు దూరానికి 39 మీటర్లు, 26 మీటర్ల ఫ్రేమ్ ఇస్తుంది, కాగితం మీద ఘనంగా ఉంటుంది. కానీ కిలోమీటరు పొడుగునా ఉన్న గాలినీ మీరు ఫొటో తీస్తున్నట్టే. జనవరి ఉదయాల మసక, భోగి మంటల పొగ, ఎండెక్కాక నేల నుంచి లేచే వేడి అలలు, వీటిని దాటి చూడగలిగే లెన్సు లేదు. ఎంత ఖరీదైనదైనా బొమ్మ ఉడికినట్టు వస్తుంది. అద్దె పెట్టేది 100-400కే పెట్టండి. రెండు కిలోల 150-600తో మైదానంలో తిరగడం కన్నా, తేలికైన లెన్సుతో రెండొందల మీటర్లు దగ్గరికి నడవడం వల్ల వచ్చే లాభమే ఎక్కువ. చేత్తో పట్టుకుని 400 దగ్గర 1/800కి తక్కువ వద్దు.

అద్దె దుకాణంలో లెన్సుని మీ కెమెరాకే పెట్టి చూడండి. రెండు మూతలూ తీసి, ఫోన్ టార్చి ఒక వైపు నుంచి వేసి ఇంకో వైపు నుంచి చూస్తే బూజు సాలెగూడు పోగుల్లా కనబడుతుంది, దుమ్ము చుక్కలు మాత్రం పెద్ద దోషం కాదు. జూమ్‌ని రెండు చివర్లలోనూ పెట్టి దగ్గరిదాన్నీ దూరపుదాన్నీ ఫోకస్ పట్టించండి. కిందికి వంచితే దానంతటదే జారుతోందేమో చూడండి, జారితే లాక్ మీట పనిచేస్తోందా అడగండి. ట్రైపాడ్ కాలరు, హుడ్ ఇచ్చారో లేదో రసీదు మీద రాయించండి. అద్దెని ఇరవై నాలుగు గంటల చొప్పున లెక్కేస్తే, పొల్లాచ్చికి రానుపోను ప్రయాణం కూడా అద్దెలోకే వస్తుంది. కోయంబత్తూరులో దొరుకుతుందేమో ముందు కనుక్కోండి.

గాలి వేగం పది నాట్లు, అంటే గంటకు 18 కిలోమీటర్ల దరిదాపుల్లోకి వస్తే బెలూన్లు లేపరు, ఒక్కోరోజు పూర్తిగా రద్దవుతుంది. అందుకని ఒక్క రోజుకి కాకుండా, ఒక సాయంత్రమూ మర్నాటి ఉదయమూ కలిసొచ్చేలా తీసుకోండి. ఉన్న గీతలన్నిటినీ అక్కడే ఫోన్‌లో వీడియో తీసి, బయటికి రాకముందే దుకాణం వాట్సాప్‌కి పంపండి. డిపాజిట్ తిరిగొచ్చేటప్పుడు వాదన ఉండదు.